నారు తొక్కుతున్న బొమ్మ

అమ్మాయీ,

చిత్తూరులో చూసిన నాట్ల బొమ్మ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘కష్టంలోని అందం’ అని నాలుగుచోట్ల రాశావు. నాలుగూ కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. జతచేసిన ఫోటో చూశాను కదా, ఆ బొమ్మలో ఆడవాళ్లు ముందుకు నడుస్తూ నాటుతున్నారు. నీ కంటికి ఆనలేదా? నాటేవాళ్లు వెనక్కి జరుగుతారు. ముందుకు నడిస్తే పెట్టిన నారు తామే తొక్కుకోవాలి. వేసినాయన ఎప్పుడూ మడిలో దిగలేదని ఆ ఒక్క అడుగే పట్టిస్తోంది. నీ వ్యాసం అక్కడ మొదలుకావాలి.

నేనూ తక్కువ తినలేదులే. తొలి కథల్లో ఒకదానిలో కూలి ఆడవాళ్ల చేత పొద్దుగూకేదాకా పాటలు పాడించాను. మా మేనత్త చదివించుకుని విని, ‘పొద్దున పాడతాం రా, మధ్యాహ్నం దాటితే ఊపిరే చాలదు’ అంది.

ఫ్రాన్సు చిత్రకారుడు మిలే 1857లో, కోతయ్యాక చేలో రాలిన పరిగె ఏరుకునే ముగ్గురు స్త్రీలను చిత్రించాడు. ఇద్దరు పూర్తిగా వంగి ఉంటారు, మూడో ఆమె సగం వంగి ఉంటుంది. వంగినవాళ్లలో ఒకామె చేయి వీపు వెనక్కి పోయి ఉంటుంది. ముఖాలు సరిగా కనబడవు. దూరాన కోసిన పంట కుప్పలు, గుర్రం మీద ఒక మనిషి. ఆ కుప్పలు వీళ్లవి కావని ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన మెట్ట చేలలో వేరుశనగ పీకే రోజులు చూడు. చివర్లో వాన మొహం చాటేస్తే నేల బిగుసుకుపోతుంది. చెట్టు చేతికొస్తుంది, కాయలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. వాటిని తవ్వి ఏరే వేళ్లను ఏ రంగుతో వేయాలి? నాకైతే తెలియదు.

వీలైతే శ్రీకాళహస్తి కూడా పోయి రా. కరక్కాయ, పాలు కలిపి గుడ్డను నానబెట్టడం దగ్గర నుంచి మళ్లీ మళ్లీ ఉతకడం దాకా కలంకారీలో చాకిరీ ఎంతుందో తెలుస్తుంది. ఆ గుడ్డ మీద సీతమ్మ పెళ్లి ఎన్నోసార్లు చూశాను, గుడ్డ పిండే ఆడమనిషిని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

తిరగరాసి పంపు. ఆ నాట్ల బొమ్మలో గట్టు మీద గంప మోస్తున్న ఆమె మెడ ఎటు వాలిందో, నెత్తిన చుట్టకుదురు ఉందో లేదో చూసి రాయి. లేకపోతే లేదనే రాయి. కార్తీకంలో మా ఊరికి వస్తే చేలోకి తీసుకెళతాను. చెప్పులు మాత్రం గట్టివి వేసుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు