నీలి కోటు, నూలు గౌను, జూలై ఎండ: పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో 1861–65 నాటి అంతర్యుద్ధాన్ని వేసవి శనాదివారాల్లో మళ్లీ ఆడి చూపే బృందాలు చాలా ఉన్నాయి. వీళ్లను రీఎనాక్టర్లు అంటారు. ఆ గుడారాల గురించీ, అక్కడ మొదలయ్యే పదహారేళ్ల వయసు ప్రేమల గురించీ వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్ర: టీనేజ్ ప్రేమకథ ఒకటి రాస్తున్నాను. అబ్బాయికి పదిహేనేళ్లు, తుపాకీ పట్టిన సిపాయి. అమ్మాయికి పదహారు, న్యూజెర్సీలో పెరిగిన తెలుగమ్మాయి. ఇద్దరూ గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో మూడు వారాలు ఒకే శిబిరంలో ఉంటారు. ఏమైనా తప్పులున్నాయా?
– ఒక రచయిత్రి, విజయవాడ

జ: మూడున్నాయండీ. మూడూ మీ కథకు మేలు చేసేవే.

పదిహేనేళ్లవాడి చేతికి తుపాకీ ఇవ్వరు. తుపాకీమందు పేల్చడానికి సాధారణంగా పదహారు నిండాలి. అంతకు చిన్నవాళ్లు డప్పు వాయిస్తారు, పిల్లనగ్రోవి ఊదుతారు, నీళ్లు మోస్తారు. మరి మీ అమ్మాయికి పదహారు కదా, తుపాకీ ఆమెకివ్వండి. సారా ఎమ్మా ఎడ్మండ్స్ ఆ యుద్ధంలో ఫ్రాంక్లిన్ థాంప్సన్ అనే మగపేరుతో రెండో మిషిగన్ పటాలంలో పనిచేసింది. అయినా ఈ వేడుకల్లో ఆడవాళ్లను చాలాకాలం వరసలోకి రానివ్వలేదు. 1989లో అంటీటమ్ యుద్ధభూమి పార్కులో సిపాయి వేషంలో ఉన్న లారెన్ కుక్ బర్జెస్‌ను పార్కు అధికారులు బయటికి పంపేశారు. ఆవిడ కోర్టుకెళ్లి 1993లో గెలిచారు. ఇప్పటికీ చాలా బృందాలు జుట్టు టోపీలోకి దోపాలనీ, మేకప్ ఉండకూడదనీ అంటాయి. అమ్మాయి తుపాకీతో, అబ్బాయి నీళ్ల బకెట్‌తో ఎదురుపడితే కథ దానంతటదే నడుస్తుంది.

రెండోది, మూడు వారాల శిబిరం ఉండదు. శుక్రవారం సాయంత్రం గుడారాలు లేస్తాయి, ఆదివారం మధ్యాహ్నం ఆఖరి పోరు, చీకటి పడేసరికి పొలం ఖాళీ. మళ్లీ కలవాలంటే మరో వారాంతం, మరో ఊరు. ఆమె బృందం అక్కడికి వస్తుందో రాదో అబ్బాయికి తెలియదు. వేసవి ప్రేమకు ఇంతకన్నా మంచి ఎడబాటు దొరకదు.

మూడోది, గెటిస్‌బర్గ్ నేషనల్ పార్కులో ఇరుపక్షాలు ఎదురెదురుగా కాల్చుకునే ఆట ఉండదు. నేషనల్ పార్క్ సర్వీస్ దాన్ని తన భూముల్లో ఒప్పుకోదు. అక్కడ కవాతు, కాల్పుల ప్రదర్శన, శిబిర జీవితం మాత్రమే చూపిస్తారు. పోరాటం ప్రైవేటు పొలాల్లో జరుగుతుంది.

ప్ర: మా ఫ్రెండ్ వాళ్ల బృందంలో చేరాలనుంది. "1863లో ఇక్కడ నీలాంటివాళ్లెక్కడున్నారు" అంటారేమోనని భయం. బట్టలు ఎలా వేసుకోవాలి?
– పదహారేళ్ల పాఠకురాలు, ఎడిసన్

జ: అలా ఎవరైనా అంటే జోసెఫ్ పియర్స్ పేరు చెప్పమ్మా. చైనాలో పుట్టి, పద్నాలుగో కనెక్టికట్ పటాలంలో చేరి, గెటిస్‌బర్గ్‌లో పోరాడినవాడు. యూనియన్ (ఉత్తరాది) సైన్యంలో నల్లజాతి సిపాయిలు 1,79,000 మంది దాకా ఉన్నారు. ఆ గుడారాల్లో అందరూ ఒకే రంగులో ఉండేవాళ్లనుకోవడమే చరిత్ర తెలియకపోవడం.

గౌను వేసే రోజు వరస తప్పకూడదు. షెమీజ్ (లోపలి నూలు చొక్కా), డ్రాయర్లు, మేజోళ్లు, ఆ వెంటనే బూట్లు. కార్సెట్ (నడుము బిగించే లోపలి రవిక) బిగించాక వంగి లేసులు కట్టుకోలేవు, కొత్తవాళ్లందరూ పొరబడేది ఇక్కడే. తర్వాత లోపావడా, పైన గౌను. తెల్ల కాలరును విడిగా టాకాలేసి కుట్టుకుంటే, చెమటపట్టినప్పుడు అదొక్కటే విప్పి ఉతుక్కోవచ్చు. జుట్టు విషయంలో నీదే పైచేయి: మధ్య పాపిడి తీసి, చెవుల మీదుగా దువ్వి, మెడ దగ్గర ముడి వేస్తే చాలు. పొడుగు జుట్టు లేనివాళ్లు సవరం కొనుక్కుంటారు. నెయిల్ పాలిష్, చేతి వాచీ ఇంట్లో వదిలెయ్యి. కాలానికి నప్పని వేషాన్ని అక్కడ 'ఫార్బ్' అని వెక్కిరిస్తారు.

గౌనును గుండ్రంగా విప్పి ఉంచే ఉక్కు చట్రాల హూప్ స్కర్టు మాత్రం డ్యాన్స్ హాలుకే. పొయ్యి దగ్గర నువ్వు నిలబడ్డ చోటికి రెండడుగుల అవతల నీ అంచు ఉంటుంది, నిప్పంటినా వెంటనే తెలియదు. గౌను నూలుదో ఉన్నిదో అయి తీరాలి. పాలిస్టర్ కాలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ప్ర: శనివారం రాత్రి బాల్‌లో ఒక అమ్మాయిని డ్యాన్స్‌కి పిలవాలి. నాకు ఒక్క స్టెప్పు కూడా రాదు.
– పదిహేడేళ్ల పాఠకుడు, డాలస్

జ: గ్రాండ్ మార్చ్‌కి పిలువు. బాల్ దాంతోనే మొదలవుతుంది. జంటలు చెయ్యీ చెయ్యీ వేసుకుని పాటకు నడవడమే, నడక వస్తే చాలు. నేరుగా వెళ్లి అడగకు, ఇద్దరికీ తెలిసినవాళ్ల చేత పరిచయం చేయించుకో. అది ఆ కాలపు మర్యాద, పైగా నీ తడబాటును సగం దాచేస్తుంది. ఆమె దగ్గర డ్యాన్స్ కార్డు (ఏ ఆట ఎవరితోనో రాసుకునే చీటీ) ఉంటే, ఏ నంబరు ఆటకు నీ పేరు రాసిందో గుర్తుపెట్టుకో.

తర్వాత వర్జీనియా రీల్. కోలాటం చూసినవాడికి ఇది కొత్త కాదు. మగవాళ్లు ఒక వరస, ఆడవాళ్లు ఎదురు వరస, ఐదారు జంటలు. ముందుకొచ్చి వంగి నమస్కరించడం, కుడిచేత్తో ఒక చుట్టు, ఎడమచేత్తో ఒక చుట్టు, రెండు చేతులతో ఒక చుట్టు, తర్వాత వీపుల పక్కగా ఒకరినొకరు చుట్టి రావడం. ఆపైన మొదటి జంట చేతులు పట్టుకుని ఎనిమిది లెక్కలకు కిందికి, ఎనిమిది లెక్కలకు పైకి పక్కవాటుగా గెంతుతూ వస్తారు. అసలు రీల్ ఇప్పుడే: జంట కుడి మోచేతులు కలిపి ఒకటిన్నర చుట్లు తిరగాలి. ఒక్క చుట్టే తిరిగితే నీ వరస ముందే తేలతావు, ఆట మొత్తం ఇరుక్కుపోతుంది. ఒకటిన్నరతో ఎదుటి వరస చేరి, అక్కడివాళ్లతో ఎడమ మోచెయ్యి, మధ్యలో మళ్లీ ఆమెతో కుడి. "ఆమెకు కుడి, అందరికీ ఎడమ" అని మనసులో అనుకుంటూ ఉండు. చివర్లో మొదటి జంట చేతులెత్తి తోరణం పడితే మిగతావాళ్లు దాని కిందుగా వెళ్తారు, రెండో జంట మొదటిదవుతుంది.

మీ వంతు రానంతసేపూ ఆమె నీ ఎదురుగానే నిలబడి ఉంటుంది. కంగారులో పక్క జంటల కాళ్లు చూస్తూ ఆ సమయం పాడుచేసుకోకు.

తెల్ల నూలు చేతి తొడుగులు రెండు జతలు తీసుకెళ్లు, మొదటి జత మూడో పాటకే తడిసిపోతుంది. మడమకు ఇనుప లాడాలున్న బూట్లయితే చెక్క నేల మీద జారతాయి. ఒకే అమ్మాయితో రాత్రంతా ఆడటం అప్పటి లెక్కలో మోటు. రెండు మూడు ఆటలు చాలు.

ప్ర: నీలి కోటు అమ్మాయి, బూడిదరంగు కోటు అబ్బాయి యుద్ధంలో పక్కపక్కనే 'చచ్చి' పడి గుసగుసలాడుకుంటారు. కుదురుతుందా?
– కథకుడు, హైదరాబాద్

జ: కుదురుతుంది, కానీ దారి ఒకటే. నీలి కోట్ల ఉత్తరాది వరస, బూడిద కోట్ల దక్షిణాది వరస అంత దగ్గరికి రావు. దగ్గరపడేకొద్దీ తుపాకీ గొట్టాలు ఆకాశం వైపు ఎత్తేస్తారు, చేతుల పోరు ముందే మాట్లాడుకుంటే తప్ప ఉండదు. కాబట్టి అమ్మాయి ముందే పడిపోవాలి. ఆమె వరస వెనక్కి తగ్గాక, దూసుకొచ్చిన బూడిద వరసలో అబ్బాయి ఆమె పడ్డ చోట కూలాలి.

పడటానికీ పద్ధతుంది. తుపాకీ పేల్చి ఖాళీ చేశాకే పడాలి. ముందు మోకాలు, తర్వాత పక్కకు. గొట్టం మనుషుల వైపు ఉండకూడదు. నలభై తూటాల పెట్టె కుడి తుంటి మీద వేలాడుతుంది, దాని మీద పడితే వారం రోజులు నడుము పట్టేస్తుంది. చీమల పుట్ట ఉందేమో చూసుకోవాలి. చివర్లో బ్యూగిల్ మీద 'ట్యాప్స్' అనే వీడ్కోలు బాణీ ఊదాక అందరూ లేస్తారు. ఆ బ్యూగిల్ మోగేదాకానే వాళ్ల గుసగుసలు.

ప్ర: మా పిల్ల శాకాహారి. అక్కడ ఏం తింటుంది?
– ఒక తల్లి, షార్లెట్

జ: పంది మాంసం వేయని బీన్స్, అన్నం, ఎండు ఆపిల్ ముక్కలు, హార్డ్‌టాక్ అనే గట్టి సిపాయి బిస్కెట్లు. హార్డ్‌టాక్ ఇంట్లోనే చేయొచ్చు: మూడు కప్పుల మైదా, కప్పు నీళ్లు, రెండు టీస్పూన్ల ఉప్పు. అరంగుళం మందాన ఒత్తి, మూడంగుళాల చదరాలుగా కోసి, ఒక్కోదానికి పదహారు చిల్లులు పొడిచి, 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కో వైపు అరగంట కాల్చండి. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది, అందుకే రెండ్రోజులు ఆరబెట్టాకే డబ్బాలో పెట్టండి. కాఫీలో నానబెట్టుకుని తినాలి, లేదంటే పళ్లకు ప్రమాదం.

ఉన్ని కోటులో జూలై ఎండ మాత్రం తేలిక కాదు. దాహం వేయకముందే నీళ్లు, మధ్యమధ్య ఉప్పులో ఊరేసిన దోసకాయ. చెమట ఆగిపోయినా, మాట తడబడినా వెంటనే కోటు విప్పించి నీడకు తీసుకెళ్లి, ఒంటిమీద నీళ్లు పోస్తూ వైద్య సహాయం పిలవాలని పిల్లకు, తోటివాళ్లకు చెప్పి పంపండి.

ప్ర: ఫోన్ వాడనివ్వరట. మరి మనసులో మాట ఎలా చెప్పాలి?
– పేరు వద్దన్న పాఠకుడు

జ: ఉత్తరం రాయండి. చాలా బృందాల్లో 'మెయిల్ కాల్' ఉంటుంది, నకిలీ టపా పంచుతారు. ఉక్కు పాళీ కలం, సిరా, ఒక్క మడత కాగితం తీసుకోండి. 1863లో అరౌన్సు ఉత్తరానికి మూడు సెంట్ల స్టాంపు. పైన ఆమె పేరు, కంపెనీ (పటాలంలోని దళం) అక్షరం, పటాలం సంఖ్య స్పష్టంగా రాయండి. సార్జెంటు ఆ పేరును అందరి ముందూ గట్టిగా పిలుస్తాడు, కాబట్టి కవరు మీద అంతకుమించి ఒక్క ముక్క రాయకండి.