సాయంత్రం ఆరింటికి వెళ్ళి చూడండి

పెద్దల బాగోగులు – పాఠకుల ప్రశ్నలు
జవాబులు: రిటైరైన నర్సింగ్ సూపరింటెండెంట్, గుంటూరు

ప్రశ్న: మా అత్తగారికి 76 ఏళ్ళు. బాపట్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యారు. మామగారు పోయాక నిజాంపేటలో మా దగ్గరే ఉంటున్నారు. మూడేళ్ళ క్రితం న్యూరాలజిస్టు అల్జీమర్స్ అని తేల్చారు. మొన్నటిదాకా ఎలాగో నెట్టుకొచ్చాం. సంక్రాంతికి బాత్రూంలో జారిపడ్డారు, ఎముకలేవీ విరగలేదు. ఆ తర్వాత నెలకల్లా బాగా తేడా వచ్చింది. రాత్రుళ్ళు నిద్ర లేదు. ‘మా ఇంటికి పంపించండి’ అని తలుపు బాదుతారు. ఒకరోజు లిఫ్ట్ ఎక్కి కిందికి వెళ్ళిపోతే వాచ్‌మన్ పట్టుకొచ్చాడు. నాది బ్యాంకు ఉద్యోగం, మావారిది సాఫ్ట్‌వేర్, పాప ఇంటర్ రెండో సంవత్సరం. అటెండర్లు ఒక్కరూ నిలవడం లేదు.

రెండు హోంలు చూశాం. ఒకటి శామీర్‌పేట వైపు పెద్ద క్యాంపస్. తోట, గుడి, ఈతకొలను ఉన్నాయి, ఒక అంతస్తుకు ‘మెమరీ కేర్’ (మతిమరుపు జబ్బున్నవాళ్ళ విభాగం) అని బోర్డు పెట్టారు. నెలకు 75 వేలు, డిపాజిట్ 3 లక్షలు. రెండోది ఈసీఐఎల్ దగ్గర కాలనీలో మూడంతస్తుల ఇల్లు, 18 మంది ఉంటున్నారు, నెలకు 48 వేలు. మావారికి మొదటిది నచ్చింది. అక్కడ ఆయాలందరూ హిందీ మాట్లాడేవాళ్ళేనంటే, ‘అమ్మ హిందీ టీచరే కదా’ అంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు మాత్రం ‘అమ్మని హోంలో పడేస్తే చట్టం ప్రకారం నేరం’ అంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: హోంల సంగతి కాసేపు పక్కన పెట్టండమ్మా. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ బాత్రూంలో పడటం. పెద్ద వయసులో తలకు చిన్న దెబ్బ తగిలినా పుర్రెకూ మెదడుకూ మధ్య నెత్తురు కొద్దికొద్దిగా చేరవచ్చు. పడ్డ రోజు ఏమీ తెలియదు. రెండు మూడు వారాలకో, నెలకో తికమక, మగత, నడకలో తూలు మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు జబ్బు ముదిరిందనుకుంటారు. నెత్తురు పలచబడే మాత్రలు వాడేవాళ్ళకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎముకల ఎక్స్‌రేతో ఇది బయటపడదు, తలకు సీటీ స్కాన్ తీయాలి. ఈ వారంలోనే తీయించండి. దాంతోపాటు మూత్ర పరీక్ష, రక్తంలో సోడియం, థైరాయిడ్, బీ12 కూడా చూడమని అడగండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే మామూలు మనుషులకు మంట, జ్వరం వస్తాయి. ఈ జబ్బున్నవాళ్ళకు ఒక్కోసారి మతి చెదరడం ఒక్కటే కనిపిస్తుంది. నాలుగు రోజులుగా విరేచనం కాకపోయినా రాత్రంతా అరుస్తారు. అల్జీమర్స్ మెల్లమెల్లగా దిగజారే జబ్బు. నెల తిరిగేసరికి మనిషి అంత మారిపోయారంటే ముందు వేరే కారణం వెతకాలి. అది దొరికి, వైద్యంతో ఆవిడ సంక్రాంతి ముందటి స్థితికి వస్తే మీ నిర్ణయమే మారిపోవచ్చు.

అన్నీ చూశాక కూడా పరిస్థితి ఇదే అయితే, హోం వద్దని నేను అనను. రాత్రి నిద్ర లేకుండా పొద్దున బ్యాంకు కౌంటర్లో కూర్చునే మనిషి ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?

మీవారికి నచ్చిన చోటు సంగతి చూద్దాం. ఆ తోటా, ఈతకొలనూ ఎవరి కోసమో ఆలోచించండి. అవి అసిస్టెడ్ లివింగ్ హంగులు. అసిస్టెడ్ లివింగ్ అనేది మనసు చక్కగా ఉండి, ఒంట్లో ఓపిక తగ్గినవాళ్ళకు. స్నానానికి చెయ్యందించాలి, మాత్రలు వేళకు ఇవ్వాలి, మిగతాదంతా వాళ్ళే చూసుకుంటారు. మీ అత్తగారికి కావలసింది అది కాదు. తాళం వేసినట్టు అనిపించకుండానే బయటికి పోలేని తలుపులు కావాలి. ఎటు నడిచినా తిరిగి అక్కడికే వచ్చే వరండా, మంచం మీంచి కనిపించే బాత్రూం, రోజూ అవే నాలుగు ముఖాలు. లిఫ్ట్ ఎక్కి వెళ్ళిపోయే మనిషికి ఈతకొలను అందం కాదు, గండం. బోర్డు మీద ‘మెమరీ కేర్’ అని ఉందని తృప్తిపడకండి. ఆ అంతస్తులో ఆయాలు అక్కడికే ప్రత్యేకమా, లేక పొద్దున ఒక అంతస్తు, సాయంత్రం ఒక అంతస్తు తిరుగుతున్నారా అని అడగండి.

మీరు రెండు హోంలకూ ఏ వేళకు వెళ్ళారో రాయలేదు. ఆదివారం పదకొండు గంటలకని నా అనుమానం. ఆ వేళకు అందరికీ స్నానాలయి, బొట్లు పెట్టుకుని, భజన నడుస్తూ ఉంటుంది. ఈసారి చెప్పకుండా సాయంత్రం ఆరింటికి వెళ్ళండి. ఎనిమిదింటిదాకా కూర్చోండి. పొద్దుగూకే వేళకు ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి అలజడి మొదలవుతుంది. ‘ఇంటికి పోవాలి, పిల్లలు బడినుంచి వచ్చేస్తారు’ అంటూ లేస్తారు. సరిగ్గా అదే వేళకు పగటి డ్యూటీవాళ్ళు సంచులు సర్దుకుని వెళ్ళిపోతుంటారు. నైట్ డ్యూటీలు చేసినదాన్ని కనుక చెబుతున్నాను, వార్డు ఎలాంటిదో ఆ గంటలో తెలిసినట్టు మరెప్పుడూ తెలియదు. ‘ఇంటికి పోవాలి’ అన్న ముసలావిడను ‘ఇదే మీ ఇల్లు, కూర్చోండి’ అని గద్దిస్తున్నారా, లేక చెయ్యి పట్టుకుని ‘పదండి, చెప్పులేసుకోండి’ అని వరండాలో రెండు చుట్లు తిప్పుతున్నారా చూడండి. టీవీ హోరు ఎంత ఉందో వినండి. రాత్రి భోజనం ఎన్నింటికో అడగండి. ఆరింటికే పెట్టేసి ఏడింటికల్లా పడుకోబెడితే, పొద్దున టిఫిన్‌దాకా పద్నాలుగు గంటలు ఖాళీ కడుపు. అర్ధరాత్రి గోల చాలాసార్లు ఆకలే, చెప్పుకోలేని ఆకలి. ఈసీఐఎల్ దగ్గర ఆ ఇంట్లో 18 మంది అన్నారు. రాత్రి ఇద్దరైనా మెలకువగా ఉండాలి, పడుకుని కాదు. అక్కడ మూడంతస్తులకు మెట్లున్నాయి కనుక మీ అత్తగారి గది ఏ అంతస్తులో ఇస్తారో, మెట్లకు గేటు ఉందో లేదో కూడా చూసుకోండి.

‘రాత్రి నిద్రపట్టకపోతే ఏం చేస్తారు?’ అని మేనేజర్ని మామూలుగా అడిగినట్టు అడగండి. మొదటి మాటే ‘మాత్ర ఇస్తాం మేడం’ అయితే జాగ్రత్త. ఆ మాత్ర పిచ్చి తగ్గించే మందు (యాంటీసైకోటిక్) కావచ్చు. ఆ తరగతి మందులతో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్ళలో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే గట్టి హెచ్చరిక ఇచ్చింది. తప్పనిసరి అయినప్పుడు డాక్టరు కొద్ది మోతాదులో, కొద్దికాలం ఇస్తారు, అది వేరు. ఆయాల సౌకర్యం కోసం ఇచ్చే మాత్ర వేరు. మీకు చెప్పకుండా కొత్త మందు మొదలుపెట్టకూడదని కాగితం మీద రాయించుకోండి.

ఇక ‘హిందీ టీచరే కదా’ అన్న మాట. మీవారి ఆశ అర్థమైంది కానీ, తర్వాత నేర్చిన భాష ముందు జారిపోవడం ఈ జబ్బులో తరచూ చూస్తాం. రెండు భాషలు వచ్చినవాళ్ళకు మేలు లేదని కాదు. మన హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు వచ్చినవాళ్ళకు డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. అయితే జబ్బు వచ్చి కూర్చున్నాక లెక్క వేరు. మీ అత్తగారు ఇప్పటికీ హిందీ దోహాలు గడగడా అప్పజెప్పవచ్చు, అవి పాటల్లా నోట్లో ఉండిపోతాయి. ‘కడుపులో నొప్పి’, ‘చలేస్తోంది’ అనేవి ఏ భాషలో అంటున్నారో ఒక వారం గమనించండి. నాకు తెలిసి అచ్చం బాపట్ల తెలుగులోనే అంటూ ఉంటారు. ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వచ్చిన ఆ ఆయాల్లో ఎంతో మంచి పిల్లలుంటారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ అర్ధరాత్రి రెండింటికి ‘ఒంటికి వెళ్ళాలి’ అన్న మాట తెలియనివాళ్ళు ఆవిడను మంచంలోనే పడుకోమంటారు. ఆవిడ పక్క తడుపుకుంటారు. మర్నాటినుంచి డైపరు వేస్తారు. నెలరోజుల్లో, నడిచి బాత్రూంకి వెళ్ళే అలవాటే పోతుంది. ప్రతి షిఫ్టులో, ముఖ్యంగా రాత్రి, తెలుగు తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలన్నది నా షరతు. 75 వేలు తీసుకునేవాళ్ళకు అదేం పెద్ద కోరిక కాదు.

ఇంకొకటి చూడండి, నవ్వకండి. అక్కడున్న ఆడవాళ్ళందరికీ జుట్టు భుజాలపైకి కత్తిరించి, ఒకే రకం నైటీలు తొడిగారా? స్నానం తేలికవుతుందని చేస్తారు. ఒక్కోసారి అవసరమే, కాదనను. కానీ జీవితమంతా జడేసుకుని, చీరకు పిన్ను పెట్టుకుని బడికెళ్ళిన మనిషిని అడగకుండా కత్తిరించే చోటికి నేనైతే పంపను. చేత్తో కలుపుకుని తిననిస్తారా, అదీ చూడండి. స్పూను చూసి ఏం చెయ్యాలో తోచక కూర్చునేవాళ్ళు అన్నం ముద్ద చేతికిస్తే తినేస్తారు. నెలనెలా బరువు రాసే పుస్తకం ఉంటే అడిగి చూడండి. తిండి బాగా పెడుతున్నామని ఎన్ని చెప్పినా నిజం ఆ పుస్తకంలో ఉంటుంది.

డబ్బు విషయంలో నేను అడిగేవి నాలుగు. చెప్పిన రేటు మీద జీఎస్టీ, డైపర్లు, డాక్టరు ఫీజు వేరా? ఆవిడ మంచాన పడితే రేటు ఎంతకు పెంచుతారు, అసలు ఉంచుకుంటారా, తీసుకెళ్ళిపొమ్మంటారా? ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే వెంట ఎవరొస్తారు? ఆ 3 లక్షలు ఏ పరిస్థితిలో, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? ఆరోగ్య బీమా హోం ఖర్చుకు ఉపయోగపడదు. 70 దాటినవాళ్ళకు 2024 చివర్లో మొదలైన ఆయుష్మాన్ భారత్ 5 లక్షలు కూడా ఆస్పత్రిలో చేరిన వైద్యానికే. కనుక ఇది నెలనెలా మీ జేబులోంచి పోయేదే, ఏళ్ళ తరబడి. ఆవిడ పింఛను పోగా మిగిలినది ఎవరెంత పెట్టుకుంటారో ఆడపడుచుతో ఇప్పుడే తేల్చుకోండి.

మీ ఆడపడుచు అన్న చట్టం సంగతి కూడా చెబుతాను. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 24వ సెక్షన్ ఉంది. పెద్దవాళ్ళను పూర్తిగా వదిలించుకోవాలన్న ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టేస్తే మూడు నెలలదాకా జైలు లేదా 5 వేల రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. నెలనెలా డబ్బు కట్టి, వారంవారం వెళ్ళి చూసేవాళ్ళకు అది వర్తించదు. ఆవిడ మాటల్లో నిజంగా బాధ కూడా ఉండి ఉంటుంది. వీడియో కాల్‌లో మీ అత్తగారు ఆ పది నిమిషాలూ చక్కగా మాట్లాడుతూ ఉంటారు, ఈ జబ్బులో అదొక విచిత్రం. ఆడపడుచుని ఒక పదిహేను రోజులు రమ్మనండి. రాత్రి డ్యూటీ ఆవిడకు అప్పగించి మీరు నిద్రపోండి. వాదన అక్కర్లేదు.

ఒకేసారి అన్నీ సర్దేసి పంపకండి. రెండు వారాలు తాత్కాలికంగా ఉంచుకుంటారేమో అడగండి. ఒప్పుకోని చోటు నాకు అనుమానమే. ‘అలవాటు పడాలి, మొదటి నెల మీరెవరూ రావద్దు’ అంటారు కొందరు. నేను ఒప్పుకోను. కొత్తచోట బెదిరినవాళ్ళకు తెలిసిన ముఖమే ధైర్యం. పగటిపూట మాత్రమే ఉంచుకునే డే కేర్ కూడా ఒక దారి. అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో శాఖ ఉంది, వాళ్ళను కనుక్కోండి. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ అయిన 14567 ఎల్డర్ లైన్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు.

రెండింట్లో ఏదంటే, మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు చిన్న ఇంటివైపే, సాయంత్రం ఆరింటికి అది నిలబడితే.

*

ప్రశ్న: నా భార్యకు డిమెన్షియా తొలిదశ. ఇల్లు ఆమె పేరు మీద ఉంది. ఇప్పుడు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటే తర్వాత హోం ఖర్చులకు అమ్ముకోవచ్చా?
– విజయవాడ పాఠకుడు, 71 ఏళ్ళు

జవాబు: జీపీఏ మీద ఆధారపడకండి. రాసిచ్చినవాళ్ళ మతి స్థిమితం తప్పితే ఆ అధికారం రద్దయిపోతుందని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. మీకు అవసరం పడే నాటికే అది పనికిరాకుండా పోతుంది. ఆవిడకు అర్థమవుతున్న ఈ రోజుల్లోనే, డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, ఆవిడ మనసులో ఏముందో అడిగి విల్లు, నామినేషన్లు, జాయింట్ ఖాతా పూర్తిచేసుకోండి. మానసిక వైద్యం విషయంలో ఆవిడ తరఫున మాట్లాడేందుకు 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద ఒకరిని నామినేట్ చేయవచ్చు, తెల్లకాగితం మీద సంతకం చాలు. ఆలస్యమైతే హైకోర్టుకు వెళ్ళి సంరక్షకుడిగా నియమింపజేసుకోవాలి. ఇల్లు అమ్మకం గురించి మాత్రం ఇప్పుడే లాయర్ని కలవండి.

*

ప్రశ్న: మా అమ్మ ఇక్కడ టెక్సస్‌లో మెమరీ కేర్‌లో ఉంది. ఇంగ్లీషు పూర్తిగా పోయింది. మెడికేర్ ఖర్చు ఇవ్వదన్నారు, నిజమేనా? ఆయాలతో ఎలా?
– ఒక కొడుకు, ఫ్రిస్కో

జవాబు: నిజమే. మెడికేర్ (పెద్దవాళ్ళకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) వైద్యానికి ఇస్తుంది గానీ, అక్కడ ఉండటానికీ, స్నానం, తిండి చూసుకోవడానికీ నెలనెలా అయ్యే ఖర్చు భరించదు. మెడికెయిడ్ వేరే పథకం, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు. రాష్ట్రాన్నీ, ఆమె ఆదాయాన్నీ, గ్రీన్‌కార్డు వచ్చి ఎన్నేళ్ళయిందన్నదాన్నీ బట్టి ఉంటుంది. అక్కడి ఎల్డర్ లా లాయర్ని అడగండి. ఆయాల కోసం మంచం పక్కన ఒక అట్ట అంటించండి. మీ అమ్మ నోట వచ్చే మాట, పక్కన దాని అర్థం, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. పుస్తకాల తెలుగు వద్దు. మంచినీళ్ళు, నొప్పి, చలి, చాలు, ఒంటికి, దొడ్డికి, ఇవి ముందు రాయండి. ఆ తర్వాత ఆమె కోపం వస్తే తిట్టే మాట కూడా రాయండి. అది వినిపిస్తే ఒక అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ రమ్మని వాళ్ళకు చెప్పండి.