ఉత్తర కొరియాలో ప్రసవ వైద్యం నిజంగా ఉచితమేనా?

రాజ్యాంగం ప్రకారం ఉచితమే గాని, ఆచరణలో, ముఖ్యంగా రాజధాని ప్యోంగ్యాంగ్ వెలుపల, కాన్పు ఖర్చులో చాలా భాగాన్ని గర్భిణి కుటుంబమే భరించవలసి వస్తోంది. సోవియట్ యూనియన్ నుంచి అందే సాయం ఆగిపోయి, ఆపైన 1990ల మధ్యలో ఘోరమైన కరువు రావడంతో మందుల తయారీ, ఆసుపత్రులకు సరఫరా, వైద్యుల రేషను అన్నీ కుప్పకూలాయి. ఆ లోటును అప్పటినుంచి ప్రైవేటు సంతలే పూడుస్తున్నాయి. ఉదాహరణకు, దేశం దాటి దక్షిణ కొరియా చేరిన స్త్రీలు చెప్పిన దాని ప్రకారం, సిజేరియన్ అవసరమైతే మత్తుమందు, యాంటీబయాటిక్, దూది, చివరకు గది వెచ్చగా ఉండడానికి కట్టెలు కూడా ఇంటివాళ్లే తెచ్చుకోవాలి, వైద్యుడికి సిగరెట్లో బియ్యమో ముట్టజెప్పాలి. కొన్ని ఆసుపత్రులలో ఖాళీ బీరు సీసాలనే సెలైన్ ఎక్కించడానికి వాడేవారు. ప్యోంగ్యాంగ్‌లో 1980లో ప్రారంభించిన పెద్ద ప్రసూతి ఆసుపత్రినే విదేశీయులకు చూపిస్తారు కనుక, ఈ కష్టం బయటివారి కంటబడదు.

అక్కడ వైద్యులే లేరనుకోవడం మాత్రం పొరపాటు. ఇన్ని ఇళ్లకు ఒకరని వైద్యులను కేటాయించే పద్ధతి అక్కడ చాలాకాలంగా ఉంది, 2017 నాటి సర్వే ప్రకారం దాదాపు కాన్పులన్నీ శిక్షణ పొందినవారి చేతుల మీదుగానే జరిగాయి. అయితే రక్తస్రావం ఆగని బాలింత పక్కన వైద్యురాలు ఉన్నా, ఎక్కించడానికి రక్తం, మందు, కరెంటు లేకపోతే ఆమె నైపుణ్యం ఎంతవరకు పనికివస్తుందన్నదే అసలు సమస్య.