బోరు లోతు పెంచాక బత్తాయి పాదుల్లో తెల్లపొర

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, నాలుగెకరాల బత్తాయి తోట. 200 అడుగుల పాత బోరు ఎండిపోతే రెండేళ్ల కింద 550 అడుగుల బోరు వేయించాం. అప్పట్నుంచి పాదుల్లో తెల్లగా పొర కడుతోంది, నీళ్లు ఇంకట్లేదు, ఆకుల అంచులు మాడుతున్నాయి. యూరియా ఎక్కువై ఇలా అయిందంటున్నారు. ఇంకో వంద అడుగులు దింపితే మంచి నీళ్లు పడతాయా? ఇంట్లో తాగేదీ ఇవే.

జవాబు: దింపకండి. అలా లోతుకు పోయి అప్పులపాలైన వాళ్లను చాలామందిని చూశాను, అందుకే ముందే చెబుతున్నా.

మీ కింద ఉన్నది గ్రానైటు. వాన నీరు దాని పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి రాయిని కొంచెం కొంచెం కరిగించుకుంటుంది, సోడియం, బైకార్బొనేటు, ఫ్లోరైడ్ అలా చేరినవే. నీరు పాతబడేకొద్దీ కాల్షియం సున్నంగా విడిపోయి సోడియం మిగులుతుంది, కాల్షియం తగ్గితే ఫ్లోరైడ్ ఇంకా పెరుగుతుంది. ఇది రాయి పని. మన పని ఏమిటంటే, పైన ఏటా చేరే వాన నీటినంతా తోడేసి ఆ పాత నీటి దాకా పోవడం. యూరియా ఎక్కువైతే నీళ్లలో నైట్రేటు పెరుగుతుంది, నిజమే, కానీ నేల ఇలా బిగుసుకుపోవడానికి అది కారణం కాదు, నీళ్లలోని ఆ సోడియమే కారణం.

ఆ తెల్లపొర గిల్లి నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే అందులో కార్బొనేటు ఉన్నట్టే. తర్వాత మోటారు పావుగంట నడిచాక, అదే నీళ్లతో రెండుసార్లు కడిగిన లీటరు సీసా నింపి, మట్టితో పాటు పరీక్షకు ఇవ్వండి. రిపోర్టులో ఆర్‌ఎస్‌సి (నీళ్లలో కాల్షియం, మెగ్నీషియంలకు మించి మిగిలిన కార్బొనేటు, బైకార్బొనేటు; లీటరుకు మిల్లీఈక్వివలెంట్లలో ఇస్తారు) 1.25 లోపుంటే భయం లేదు, 2.5 దాటితే జిప్సం తప్పదు. ఆర్‌ఎస్‌సి ఒక్క పాయింటు తగ్గడానికి లక్ష లీటర్లకు సుమారు 9 కిలోల జిప్సం పడుతుంది. నేలకు ఎంత వేయాలో మట్టి రిపోర్టు చూసి చెబుతారు, పాదుల్లో వేసి మట్టిలో కలపండి, డ్రిప్పులో మాత్రం వదలకండి, మూసుకుపోతుంది. జీలుగ వేసి పూతకు ముందే కలియదున్నితే నేల గుల్లబారుతుంది.

తాగే నీళ్లకు జిప్సం మందు కాదు. వేరే సీసాలో ఫ్లోరైడ్, నైట్రేటు పరీక్షకు పంపండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేటు 45 దాటకూడదు. మరిగిస్తే రెండూ పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. రిపోర్టు వచ్చేదాకా మిషన్ భగీరథ కుళాయి నీళ్లే తాగండి, చంటిపిల్లల పాలపొడి ఈ బోరు నీళ్లతో అసలు కలపొద్దు.

పాత బోరు పూడ్చేయకండి. మూత బిగించి, చుట్టూ గుంత తీసి కంకర, ఇసుక నింపితే వాన నీరు వడకట్టుకుని దిగుతుంది. పెంటకుప్ప మాత్రం ఆ దరిదాపుల్లో ఉండొద్దు.