అత్తగారికి డిమెన్షియా ఉందని బంధువులకు చెప్పాలా?

అత్తగారికి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా తగ్గిపోతూ వచ్చే జబ్బు, తొలి దశలో ఉందని తేలిందని, బయట తెలిస్తే పిచ్చి అంటారని మీ వారు దాచమంటున్నారని రాశారు. దాచకండి. ఇదే జబ్బు వచ్చిన మా నాన్నగారిని చివరిదాకా దగ్గరుండి చూసుకున్నాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా అన్నయ్య కూడా మొదట్లో గుట్టుగా ఉంచమన్నాడు. ఆ రోజుల్లోనే నాన్నగారు పర్సును దిండు గలీబులో దాచుకుని, మరిచిపోయి, నేనే తీశానని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఈ జబ్బులో అలాంటి అనుమానాలు మామూలే, అవి తరచూ దగ్గరుండి చాకిరీ చేసేవాళ్ల మీదికే వస్తాయి. సంగతి తెలియని మా పిన్ని అదంతా నిజమనుకుని ఊరంతా ఫోన్లు చేసింది. అసలు విషయం చెప్పాక గానీ ఆ నోళ్లు మూతపడలేదు. కోడలి మీద ఇలాంటి నింద ఇంకా తేలిగ్గా పడుతుంది. మీ వారికి ఈ ఒక్క మాట చెప్పి చూడండి.

2012 నాటి ప్రపంచ అల్జీమర్స్ నివేదిక కోసం జరిగిన సర్వేలో డిమెన్షియా ఉన్నవాళ్లలో 24 శాతం మంది దాన్ని దాచామన్నారు. 40 శాతం మంది తమను రోజువారీ జీవితంలో ఎవరూ కలుపుకోవడం లేదన్నారు.

చెప్పేటప్పుడు జబ్బు పేరు చెప్పి ఊరుకోవద్దు. ఇది మెదడు జబ్బు, అంటుకోదు అని చెప్పి, వచ్చినవాళ్లు ఎలా మసలుకోవాలో కూడా చెప్పండి. "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అని పరీక్ష పెట్టడం చాలామందికి అదో సరదా. అలా అడిగితే నాన్నగారు చొక్కా గుండీ తిప్పుకుంటూ నేలచూపులు చూసేవారు. అందుకే గుమ్మంలోనే చెప్పేసేదాన్ని, ముందు మీరే పేరూ వరసా చెప్పి పలకరించండి అని. "మీ చెల్లెలి కొడుకుని మామయ్యా" అంటే చాలు, కూర్చోమనేవారు. మీ అత్తగారి ఎదుటే "ఈమెకేం తెలుస్తుందిలే" అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. మాట అందకపోయినా చిన్నచూపు అందుతుంది.

ఎవరికి చెప్పాలో ముందు ఆవిడనే అడగండి, అది ఆవిడ హక్కు. నాన్నగారు తన స్నేహితులకు తానే చెప్పుకున్నారు. ఒకాయన రావడం మానేశారు, మిగతావాళ్లు వస్తూనే ఉన్నారు. "ఏదైనా సాయం కావాలంటే చెప్పమ్మా" అని ఎవరైనా అంటే మొహమాటపడకుండా ఫలానా రోజు రెండు గంటలు ఆవిడ దగ్గర కూర్చోమని అడిగేయండి. ఆ కాసేపూ ఇంటి పని పెట్టుకోకుండా మీరు బయటికి వెళ్లండి.