సీ పుస్తకం సరే, కంపైలర్ ఏది?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ల్యాబ్‌లో టర్బో సీ వాడతాం. సీ నేర్చుకోవడానికి ఒకే ఒక్క పుస్తకం కొనాలంటే ఏది కొనమంటారు?
– ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: కెర్నిఘాన్, రిచీ కలిసి రాసిన 'ద సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' కొనండి. సీ భాషను తయారుచేసిన డెన్నిస్ రిచీయే ఇందులో ఒక రచయిత. 1988లో వచ్చిన రెండో ఎడిషనే తీసుకోండి. 1978 నాటి మొదటి ఎడిషన్‌లో ఫంక్షన్లు రాసే పద్ధతి వేరు, అది ఇప్పుడు పనికిరాదు. పుస్తకం 300 పేజీలు కూడా ఉండదు, ఇంగ్లిష్ కూడా కష్టమైనది కాదు. కానీ ఒక్కో వాక్యంలో చాలా విషయం ఉంటుంది, అందుకే రోజుకు రెండు మూడు పేజీలు చాలు. ప్రతి ప్రోగ్రాంనూ రన్ చేయకముందే అవుట్‌పుట్ ఏం వస్తుందో నోట్‌బుక్‌లో తెలుగులోనే రాసుకోండి. రన్ చేశాక రెండూ కలవకపోతే, ఎందుకు కలవలేదో తేలేదాకా పేజీ తిప్పొద్దు. ఎనిమిదో అధ్యాయం యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం గురించి, ప్రస్తుతానికి వదిలేయవచ్చు. ఐదో అధ్యాయం, అంటే పాయింటర్లు (మెమరీ చిరునామాను దాచే వేరియబుల్స్), మాత్రం రెండుసార్లు చదవాల్సిందే.

ఇక టర్బో సీ సంగతి. ఇది పాతకాలపు కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది. ల్యాబ్ పరీక్షకు దాన్ని వాడక తప్పదు కానీ ఇంట్లో జీసీసీ అనే ఉచిత కంపైలర్ పెట్టుకోండి. టర్బో సీలో ఇంట్‌కు (పూర్ణాంకాల రకానికి) 16 బిట్లే, 32767 దాటితే లెక్క తిరగబడుతుంది. ఇంట్ వేరియబుల్‌లో 200ను 200తో గుణించి చూడండి: టర్బో సీ మైనస్ 25536 చూపిస్తుంది, జీసీసీ 40000 చూపిస్తుంది. ఇంతకన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. క్యార్ పాయింటర్‌కు (అక్షరాలను చూపే పాయింటర్‌కు) కోట్స్‌లో ఉన్న స్ట్రింగ్, అంటే అక్షరాల వరస, ఇచ్చి, అందులో ఒక అక్షరం మార్చారనుకోండి. టర్బో సీ నడిచే పాత ఆపరేటింగ్ సిస్టం డాస్‌లో మెమరీకి రక్షణ లేదు కాబట్టి టర్బో సీలో అది పనిచేసినట్టే కనిపిస్తుంది. లినక్స్‌లో అదే ప్రోగ్రాం సెగ్మెంటేషన్ ఫాల్ట్ (అనుమతి లేని మెమరీని తాకింది) అని ఆగిపోతుంది. తప్పును దాచే కంపైలర్ దగ్గర పాయింటర్లు నేర్చుకుంటే ఆ తప్పు అలవాటైపోతుంది.

జీసీసీలో ఈ పుస్తకంలోని ప్రోగ్రాంలు కొట్టినప్పుడు రెండు చోట్ల ఎర్రర్లు రావచ్చు, భయపడకండి. పుస్తకంలో మెయిన్ ముందు ఇంట్ రాయలేదు, కొత్త జీసీసీ దాన్ని ఒప్పుకోదు, మీరే చేర్చండి. మొదటి అధ్యాయంలో గెట్‌లైన్ అనే ఫంక్షన్ ఉంది. అదే పేరుతో లినక్స్ లైబ్రరీలో ఇప్పుడు ఇంకో ఫంక్షన్ ఉంది కాబట్టి 'కాన్‌ఫ్లిక్టింగ్ టైప్స్' అని వస్తుంది. ఆ ఫంక్షన్ పేరు మార్చేస్తే సరిపోతుంది.

ప్రశ్న: కోర్మెన్ తదితరుల అల్గారిథమ్స్ పుస్తకం కొన్నాను. చూస్తే 1300 పేజీలు. మొదటి పేజీ నుంచి చదవాలా?
– బీటెక్ విద్యార్థి, తిరుపతి

జవాబు: అక్కర్లేదు. మీది 2022 నాటి నాలుగో ఎడిషన్ అనుకుంటున్నాం. 2, 3, 4 అధ్యాయాలు వరసగా చదవండి. తర్వాత 6 (హీప్‌సార్ట్), 7 (క్విక్‌సార్ట్), 10 నుంచి 12 దాకా, ఆపైన 20 (గ్రాఫులు). డైనమిక్ ప్రోగ్రామింగ్ ఉన్న 14వ అధ్యాయాన్ని చివరికి పెట్టుకోండి. దానికి వారాలు పట్టినా తప్పు లేదు. మూడో ఎడిషన్ అయితే గ్రాఫులు 22లో, డైనమిక్ ప్రోగ్రామింగ్ 15లో ఉంటాయి.

చాలామంది తడబడేది ఇండెక్సుల దగ్గర. హీప్ అంటే చెట్టు ఆకారంలో ఊహించుకునే అర్రే, దాని పైకొసే రూట్. పుస్తకంలో ఆ అర్రే 1 నుంచి మొదలవుతుంది, సీలో, పైథాన్‌లో 0 నుంచి. పుస్తకం ప్రకారం ఐ అనే స్థానంలో ఉన్న నోడ్‌కు ఎడమ సంతానం 2ఐలో, కుడిది 2ఐ+1లో ఉంటాయి. మీ ప్రోగ్రాంలో అవి 2ఐ+1, 2ఐ+2 కావాలి. మార్చకుండా దింపితే రూట్‌కు ఎడమ సంతానం అదే రూట్ అయిపోతుంది, ఎందుకంటే సున్నాను రెండుతో గుణించినా సున్నాయే. ఎర్రర్ రాకపోవచ్చు, కానీ మీ హీప్ ఆకారం పుస్తకంలోదానిలా ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయికి పాత పుస్తకాల షాపులో పైథాన్ పుస్తకం చవగ్గా దొరుకుతోంది. కొనొచ్చా?
– ఒక తండ్రి, శ్రీకాళహస్తి

జవాబు: ముందు ఏదైనా ప్రోగ్రాంలో ప్రింట్ అనే మాట చూడండి. దాని పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2 పుస్తకం, కొనకండి. ఆ వెర్షన్‌కు 2020 జనవరి 1తో మద్దతు ఆపేశారు. అందులో 7ను 2తో భాగిస్తే 3 వస్తుంది, ఇప్పటి పైథాన్‌లో 3.5. పిల్లలు ఇలాంటి చోటే తికమకపడి తమకు తెలివి లేదనుకుంటారు. అసలు ఖర్చే అవసరం లేదు. ఆలెన్ డౌనీ రాసిన 'థింక్ పైథాన్' మూడో ఎడిషన్ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఆ డబ్బుతో మంచి నోట్‌బుక్ కొనివ్వండి.