గామా కిరణ విస్ఫోటనం ఏ గెలాక్సీలో జరిగిందో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: గామా కిరణ విస్ఫోటనాలు కొన్ని సెకన్లలోనే ముగిసిపోతాయని చదివాను. అంతలోనే మాయమయ్యే మెరుపు ఎంత దూరంలో, ఏ గెలాక్సీలో పుట్టిందో శాస్త్రవేత్తలు ఎలా చెప్పగలుగుతున్నారు?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: నిజానికి ఆ మెరుపును బట్టి చెప్పలేరు. దాని గామా కిరణాల వర్ణపటంలో మూలకాలను గుర్తుపట్టే గీతలేవీ ఉండవు కనుక దూరం తెలియదు. వాటిని మామూలు టెలిస్కోపు అద్దాలతో ఒకచోట కేంద్రీకరించడం సాధ్యం కాదు కనుక దిశ కూడా స్థూలంగానే తెలుస్తుంది. అణుపరీక్షలపై నిఘా కోసం పంపిన అమెరికా వేలా ఉపగ్రహాలు 1967లో వీటిని మొదటిసారి నమోదు చేశాయి. 1991లో కక్ష్యలోకి చేరిన, గామా కిరణాలను గమనించే కాంప్టన్ అబ్జర్వేటరీ, ఇవి పాలపుంత తలంలో గుమిగూడక ఆకాశమంతటా సమానంగా పరుచుకుని ఉన్నాయని చూపింది. ఇవి చాలా దూరంలోనివని అప్పుడు చాలామంది భావించినా, ఒక్క విస్ఫోటనానికైనా దూరాన్ని నేరుగా కొలవడం అప్పటికి సాధ్యపడలేదు.

దారి చూపింది మెరుపు తర్వాత మిగిలే మలివెలుగు. విస్ఫోటనం నుంచి దాదాపు కాంతివేగంతో దూసుకొచ్చే పదార్థ ప్రవాహం చుట్టూ ఉన్న వాయువును ఢీకొన్నప్పుడు, అక్కడి ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ ఎక్స్ కిరణాలు మొదలుకొని రేడియో తరంగాల దాకా వెలువరిస్తాయి. 1997 ఫిబ్రవరి 28న వచ్చిన విస్ఫోటనం వైపు ఇటలీ, నెదర్లాండ్స్‌ల బెప్పోశాక్స్ ఉపగ్రహం ఎనిమిది గంటల్లోనే తిరిగి, క్షీణిస్తున్న ఎక్స్ కిరణ మూలాన్ని పట్టుకుంది. అదే రోజు లా పాల్మా ద్వీపంలోని 4.2 మీటర్ల విలియం హెర్షెల్ టెలిస్కోపు తీసిన చిత్రాన్ని మార్చి 8 నాటి చిత్రంతో పోల్చి చూస్తే, మొదటిదానిలో ఉన్న ఒక చుక్క రెండోదానిలో లేదు. అది ఉన్న చోట ఒక మసక మరక మాత్రం మిగిలింది; ఆ మరకే దాని ఆతిథేయ గెలాక్సీ, అంటే విస్ఫోటనం జరిగిన గెలాక్సీ.

దూరం కొలిచిన తీరు అదే ఏడాది మే 8 నాటి విస్ఫోటనంతో స్పష్టమైంది. హవాయిలోని కెక్ టెలిస్కోపు దాని మలివెలుగు వర్ణపటాన్ని తీసినప్పుడు, ప్రయోగశాలలో 279.6 నానోమీటర్ల దగ్గర ఉండే మెగ్నీషియం శోషణ రేఖ (వాయువు కాంతిని పీల్చుకున్న చోట పడే నల్ల గీత) సుమారు 513 నానోమీటర్ల దగ్గర కనిపించింది. అంటే విశ్వవ్యాకోచం వల్ల తరంగదైర్ఘ్యం 1.835 రెట్లయింది, ఆ పెరుగుదలను చెప్పే రెడ్ షిఫ్ట్ (1.835లోంచి 1 తీసేస్తే వచ్చేది) 0.835. ఆ కాంతి దాదాపు 700 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: శోషణ రేఖ దారిలో అడ్డొచ్చిన వాయువుదీ కావచ్చు కనుక అది కనీస దూరాన్నే చెబుతుంది. మలివెలుగు ఆరిపోయాక అక్కడ బయటపడిన గెలాక్సీ సొంత ఆక్సిజన్ ఉద్గార రేఖ (వాయువు తానే వెలువరించే కాంతి గీత) కూడా 0.835 వద్దే ఉండటంతో సందేహం తీరింది. మలివెలుగు దొరకని సందర్భాల్లో ఆ దిశలో కనిపించిన ఏదో ఒక గెలాక్సీని ఆతిథేయిగా ప్రకటించడం తొందరపాటే అవుతుంది.

ఆతిథేయ గెలాక్సీ దూరంతో పాటు విస్ఫోటనం పుట్టుకను కూడా చెబుతుంది. రెండు సెకన్లకు మించిన విస్ఫోటనాలు ఎక్కువగా కొత్త నక్షత్రాలు ముమ్మరంగా పుడుతున్న చిన్న నీలి గెలాక్సీల్లో, అందులోనూ అత్యంత ప్రకాశవంతమైన భాగాల్లో కనిపిస్తాయి. వీటికి మూలం భారీ నక్షత్రాలు కూలడమే అనడానికి ఇది సరిపోతుంది: భారీ నక్షత్రాల ఆయువు కొద్ది మిలియన్ల సంవత్సరాలే కనుక అవి పుట్టినచోటికి దగ్గర్లోనే కూలిపోతాయి. 2003 మార్చి 29 నాటి మలివెలుగులో సూపర్‌నోవా (భారీ నక్షత్రం పేలుడు) వర్ణపటం బయటపడటంతో ఈ సంబంధం స్థిరపడింది. పొట్టి విస్ఫోటనాలు ముసలి గెలాక్సీల్లోనూ, గెలాక్సీ అంచులకు ఆవల కూడా కనిపిస్తాయి. వాటికి మూలమైన న్యూట్రాన్ నక్షత్రాల (కూలిన భారీ నక్షత్రాల అతి సాంద్రమైన అవశేషాల) జంటలు కలిసిపోయే లోపు చాలా దూరం ప్రయాణించగలవు. 2017 ఆగస్టు 17న అలాంటి జంట కలిసిపోతూ పుట్టించిన గురుత్వ తరంగాలు (స్థలకాలంలో వచ్చే అలలు) అందిన 1.7 సెకన్లకు గామా మెరుపు వచ్చింది. ఆతిథేయి సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993.

ప్రశ్న: ఈ పరిశీలనల్లో మన దేశానికి పాత్ర ఉందా?
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఉంది, అదీ మీ పొరుగు నుంచే మొదలవుతుంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని సీజడ్‌టీఐ అనే ఎక్స్ కిరణ పరికరం వందల విస్ఫోటనాలను నమోదు చేసింది. గామా కిరణాల ధ్రువణాన్ని (తరంగం కంపించే దిశను) కొలవడం దాని ప్రత్యేకత. భూమి మీద లడఖ్‌లోని హాన్లేలో రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపు, పుణె సమీపంలో రేడియో మలివెలుగును వెదికే జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు ఉన్నాయి. మన రేఖాంశానికి ఇక్కడ ఎంతో విలువ ఉంది. మలివెలుగు కాంతి స్థూలంగా కాలానికి విలోమంగా తగ్గుతుంది, అంటే గంటకు ఉన్న వెలుగు పదో గంటకు పదో వంతుకు పడిపోతుంది. హవాయిలో పగలైనప్పుడు రాత్రిగా ఉన్న చోట టెలిస్కోపు లేకపోతే ఆ గంటలు మళ్లీ దొరకవు.

2021 డిసెంబరు 11 నాటి విస్ఫోటనం ఇందుకు మంచి ఉదాహరణ. అది 50 సెకన్ల పైగా సాగింది కనుక భారీ నక్షత్రం కూలడం వల్ల వచ్చిందనుకోవాలి. కానీ దేవస్థల్ టెలిస్కోపుతో సహా పలు టెలిస్కోపుల కొలతల్లో సూపర్‌నోవా జాడ లేకపోగా, న్యూట్రాన్ నక్షత్రాల కలయిక తర్వాత వచ్చే కిలోనోవా కాంతి బయటపడింది. సుమారు 110 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని దాని గెలాక్సీ కేంద్రానికి విస్ఫోటన స్థలం చాలా ఎడంగా ఉండటం కూడా దానికి సరిపోయింది. పొడవును మాత్రమే చూసి విస్ఫోటనాన్ని ఒక వర్గంలో చేర్చే అలవాటును ఖగోళ శాస్త్రవేత్తలు ఆ తర్వాతే గట్టిగా పునరాలోచించారు.